రైలెక్కిన బర్రె

పిడికిట్లో ఐసుగడ్డ పెట్టగానే వినోద వరంగల్ కోట దాకా వినిపించేలా కేక వేసింది.

ఐసుకే ఇట్లయితే కాన్పుకు ఎట్ల? అదే ఆమె దిగులు. నెలలు నిండుతున్న కొద్దీ ముద్ద కూడా దిగడం లేదు. అందుకే మడికొండ నుంచి హనుమకొండ దవాఖానకు, నొప్పులు ఓర్చుకోవడం నేర్పే క్లాసుకు వస్తున్నది.

"విడువకు. ముక్కుతోని గాలి గుంజు, నోటితోని మెల్లగ విడువు. నొప్పి వచ్చినప్పుడల్లా బిడ్డ మొకం తలుసుకో" అన్నది సుభాషిణి సిస్టర్.

పక్క చాప మీద సరోజన కూర్చుంది. ఆమెదీ నిండు కడుపే. సాంచెల మీద బట్ట నేసే ఇంటి మనిషి. పిడికిట్లో ఐసు కరిగి మోచేతి దాకా కారుతున్నా మొహంలో చిటికెడు మార్పు లేదు.

"నీకు సల్లగ తాకుతలేదా అక్కా?" అడిగింది వినోద.

"మా మామ గురక ముందట ఇదెంత చెల్లె! ఆయన గురక పెడితే రైలొచ్చిందని కాజీపేట స్టేషన్ల జనం సంచులు సదురుకుంటరు."

గదంతా నవ్వింది. వినోద నవ్వలేదు. నవ్వితే ఊపిరి లెక్క తప్పుతుందని భయం.

వారం వారం ఇదే వరుస. సిస్టర్ 'బిడ్డ మొకం' అనడమే ఆలస్యం, సరోజన ఏదో ఒక ముచ్చట అందుకునేది.

"మా బర్రె ఒకనాడు కాజీపేటల రైలెక్కింది. కిటికీ సీటే కావాలన్నది. జనగామ రాంగనే టీసీ వచ్చి టికెట్ అడిగిండు. అప్పుడు బర్రె ఏమన్నదో ఎరుకేనా..."

"బంజేయ్ అక్కా!" వినోద అరిచింది. "పాణం గుప్పిట్ల పెట్టుకొని నేర్చుకుంటున్నం మేము. నీకు పరాష్కాలు! కడుపుల బిడ్డ మీద ఫికర్ ఉన్నదాని లెక్కనే లేవు నువ్వు."



సరోజన తడి చేతిని కొంగుకు తుడుచుకుంది.

"నిజమే చెల్లె" అని చాపను గోడ వారకు జరుపుకుంది. మళ్లీ బర్రె ఊసెత్తలేదు.

నొప్పులు రానే వచ్చాయి. కాన్పు గదిలో వినోదకు నేర్చుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు. ముక్కేదో నోరేదో కూడా మరిచిపోయింది.

"నాతోని గాదు సిస్టర్! నేను సచ్చిపోత!"

పచ్చ తెర అవతలి మంచం మీంచి గొంతు వచ్చింది.

"వినోదేనా? బర్రె ముచ్చట సగంలనే ఆగింది గద చెల్లె."

సరోజన! ఆమెకూ నొప్పులే.

"టీసీ టికెట్ అడిగిండా... గాలి గుంజు... బర్రె తోక తీసి ఆయన భుజం మీద ఏసింది... ఇగ విడువు, మెల్లగ... 'సారూ...'"

మాట తెగింది. పళ్లు కొరికిన చప్పుడు. మళ్లీ ముచ్చట.

"'సారూ, ఇన్నేండ్ల సంది నా పాలతోనే చాయ తాగుతున్నవ్. నేనెన్నడన్న టికెట్ అడిగిన్నా?' అన్నది!"

వినోద ఏడుస్తూనే పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే కొడుకు భూమ్మీద పడ్డాడు. వాడి ఏడుపుకు దవాఖాన బయట సుబేదారి రోడ్డు మీద ఆటోలు ఆగాయని ఆమె భర్త భానుచందర్ కనబడ్డ వాళ్లందరికీ చెప్పాడు.

తెల్లారి వినోద స్వీటు డబ్బా పట్టుకుని, గోడ పట్టుకుని, సరోజన మంచం దాకా నడిచింది. కాళ్లు మొక్కుదామనే పోయింది.

మంచం ఖాళీ. దుప్పటి కూడా మార్చేశారు.

"పొద్దుగాల్నే ఇంటికి పోయింది" అన్నది సిస్టర్.

"అక్కకు ఎవరు పుట్టిండ్రు సిస్టర్?"

సిస్టర్ ఐసు గిన్నె కడుగుతూ తల ఎత్తలేదు.

"పాప. గడియసేపే ఉన్నది. గుండె సక్కగ లేదు, పుట్టినా బతకదని పెద్ద డాక్టర్ మొదటి క్లాసుకు ముందే చెప్పిండామెకు. నొప్పులైతే తప్పవు గదా అని, అవి ఓర్చుకునుడు నేర్చుకోను వచ్చేది."