కిటికీ పక్క కుర్చీ

ఆ కుర్చీ ఇవాళ కూడా ఖాళీగా లేదు.

ఆసుపత్రిలో తల్లులు బిడ్డలకు పాలిచ్చుకునే గది అది. గోడ వారగా ప్లాస్టిక్ స్టూళ్ళు. చేతులున్న కుర్చీ మాత్రం ఒక్కటే, కిటికీ పక్కన. అందులో ఎప్పుడూ ఆవిడే. మెడ దాకా శాలువా కప్పుకుని, గోడవైపు తిరిగి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునుంటుంది.

ఒళ్ళో బిడ్డ ఉండదు.

"ఎవరి తాలూకు మనిషో! ఫ్యాన్ గాలికి వచ్చి తిష్ఠ వేసింది," అని గొణిగింది ఓ బాలింత అత్తగారు.

బాలింత స్టూలు మీద కూలబడింది. పాపను రొమ్ముకు చేర్చింది. పాప మొహం తిప్పేసుకుంది. తల పట్టి అదిమితే వెనక్కి విరుచుకుపోయి గుక్క పెట్టింది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. బరువు పెరగడం లేదు. తల్లికి పాలు సరిగ్గా పడలేదు. పడిన ఆ కాస్తా పిల్ల అందుకోదు. అక్కడ పాలెక్కువున్న తల్లులు వేరే బిడ్డల కోసం పాలు పిండి ఇస్తుంటారు. ఎవరిచ్చారో, ఎవరి బిడ్డకు పట్టారో మాత్రం ఎవరికీ చెప్పరు. ఆ పాలే నర్సు పూటపూటా చిన్న గిన్నెతో పాపకు పడుతోంది. బరువు ఇంకాస్త తగ్గిందంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందేనని పొద్దునే డాక్టరు చెప్పి వెళ్ళింది.

అప్పటినుంచీ బాలింత కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

సలహాలకు మాత్రం కరువు లేదు. అత్తగారు పడుకుని ఇమ్మంటుంది. కన్నతల్లి ఫోన్ చేసి, పడుకుని ఇస్తే ప్రమాదం, కూర్చునే ఇమ్మంటుంది. మొగుడు ఏదో వీడియో చూసొచ్చి, పిల్లను బంతిలా చంకలో పెట్టుకోమన్నాడు.

"అయితే నువ్వే ఇవ్వు," అంది బాలింత.

అతను టీ తాగడానికి వెళ్ళాడు. ఇంకా రాలేదు.

పాప ఏడుపు గది దాటి వరండాలోకి పాకింది.

కుర్చీలో ఆవిడ మెల్లగా ఇటు తిరిగింది. పాపనే కళ్ళార్పకుండా చూసింది. శాలువా కింద చేతులు కదిలాయి.

"చూశావా, ఎలా చూస్తోందో! ఆ చూపుకే పిల్ల రొమ్ము పట్టడం లేదు," అంది అత్తగారు, వినబడేట్టుగానే.

బాలింత చివాల్న లేచింది. పాపను భుజాన వేసుకుని తలుపువైపు నడిచింది.

"బయటికి తీసుకెళ్ళకండి."

ఆవిడ గొంతు వినడం అదే మొదటిసారి.

"ఇక్కడే ఏడవనివ్వండి. కాసేపే. నాకేం ఇబ్బంది లేదు."

బాలింతకు ఒళ్ళు మండిపోయింది.

"పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే మీకు కాలక్షేపమా?"

"అది కాదండీ..."

"మరేంటి? మీ బిడ్డయితే ఇలాగే అంటారా?"

ఆవిడ శాలువా ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

నర్సు డాక్టరు వెంట రౌండ్లకు వెళ్ళి ఉంది. బాలింత వాచ్‌మన్‌ను కేకేసింది. అతను కొత్తవాడు. రూలంటే రూలనే మనిషి.

"ఇది తల్లులు కూర్చునే గదమ్మా. మీ బిడ్డ ఏ వార్డులో ఉంది?"

ఆవిడ శాలువా కింద ఏదో సర్దుకుని, సంచీ అందుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ పాప దగ్గర ఆగింది. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈ కుర్చీలో కూర్చోండి. నడుముకు బాగుంటుంది," అని వెళ్ళిపోయింది.

"పీడా పోయింది," అంది అత్తగారు.

కుర్చీ దక్కింది. నడుముకు నిజంగానే హాయిగా ఉంది. పాపకు మాత్రం కుర్చీతో ఏం పని? ఆ పూటంతా అదే పోరు. ఇటువైపు కాసేపు, అటువైపు కాసేపు, చివరికి తల్లికి కన్నీళ్ళు, పిల్లకు వెక్కిళ్ళు.

మధ్యాహ్నం నర్సు గిన్నె లేకుండా వచ్చింది.

"పాలేవి సిస్టర్?"

"లేవమ్మా. ఉన్న కాస్తా గాజుపెట్టెల్లో పిల్లలకే చాల్లేదు. మీ పాపకిచ్చే ఆవిడ పొద్దున కనిపించింది, ఇంతలో ఎటు పోయిందో. ఫోన్ తియ్యడం లేదు. పుట్టినప్పటినుంచీ మీ పాప తాగేది ఆవిడ పాలే."

"ఎవరావిడ?"

"చెప్పకూడదు గానీ, రోజూ మీరు చూసే మనిషేనమ్మా. ఇదే కుర్చీలో, శాలువా కప్పుకుని పిండేది."

అత్తగారు చెంగుతో మొహం తుడుచుకుని అటు తిరిగింది.

బాలింత కుర్చీలోంచి సగం లేచింది.

"నేనే పంపించేశాను సిస్టర్. కాళ్ళు పట్టుకుంటాను. ఇక్కడికి రాకపోయినా ఇంటి దగ్గరే పిండి పంపమని మీరైనా చెప్పండి."

"ఇంటి దగ్గర చుక్క రాలేదటమ్మా. పిల్లల ఏడుపు వింటేనే ఆవిడకు పాలు దిగుతాయి. అందుకే ఈ గదిలో కూర్చుంటానని నన్ను బతిమాలుకుంది."

పాప మళ్ళీ ఏడుపు అందుకుంది. బాలింత ఈసారి తల అదమలేదు. ఊరికే గుండెకు ఆనించుకుని తనూ ఏడ్చింది. ఎంత సిగ్గుగా ఉందో ఆమెకే తెలుసు. ఎప్పుడు అందుకుందో గానీ, పాప నాలుగు గుటకలు వేసింది. వదిలేసింది. మళ్ళీ తనే వెతుక్కుంది.

"దిగుతున్నాయమ్మా, మీకూ దిగుతున్నాయి. కదలకండి," అంది నర్సు.

బాలింత కదల్లేదు. పాప మింగుతున్న చప్పుడు వింటూ అడిగింది.

"మరి ఇంట్లో తన బిడ్డ ఏడుపు వింటే రావా సిస్టర్?"

నర్సు పాప కాళ్ళ మీద గుడ్డ సర్దింది.

"ఆవిడ బిడ్డ ఏడవలేదమ్మా. పుట్టినప్పుడు కూడా."