తొమ్మిదింటికి ఎక్కేవాళ్ళ భోజనం

"ఇవాళ రాత్రి తొమ్మిదా అండీ?" వంటవాడు దానం ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రొయ్యలు వలవడం ఆపాడు. "మామూలుగా నాలుగింటికే ఎక్కేస్తారండి అందరూ. పొద్దు గుంకడం చూసుకుంటారండి."

"మాకు పొద్దుతో పని లేదు బాబూ. తొమ్మిదికే వస్తాం," అంది అవతలి గొంతు మెత్తగా.

ఆవిడ పేరు సీతారత్నం. అమలాపురం. రాజోలు రేవులో ఉండే ఈ హౌస్‌బోటులో రెండు రాత్రుల విహారానికి ఇద్దరికి గది తీసుకుంది. మొదటి రాత్రి భోజనం సంగతి మాత్రం వంటవాడితోనే మాట్లాడతానని ఓనరు దగ్గర పట్టుబట్టిందట. అది విన్నప్పుడే దానానికి గుండె జారింది. పోయిన వారమే శాకాహారుల సాంబారులో అలవాటు కొద్దీ గుప్పెడు ఎండు రొయ్యలు వేసేశాడు మహానుభావుడు. ఇంకొక్క కంప్లైంటు వస్తే సంచి సర్దుకోమన్నాడు ఓనరు. సర్దుకుంటే మళ్ళీ కువైటే. పదకొండేళ్ళు పరాయి వంటింట్లో మగ్గి, పెళ్ళాం బిడ్డల్ని ఫోనులో చూసుకున్న మనిషి. ఆ మాట తలుచుకుంటేనే అతనికి ఏడుపొస్తుంది.

"చెప్పండమ్మగారూ, రాసుకుంటాను."

"ఆవ పెట్టిన పనసపొట్టు కూర. రొయ్యల ఇగురు. గారెలు. పరమాన్నం. అన్నీ మా ఆయనకి ఇష్టమైనవి."

"ఆయ్. గారెలు మాత్రం మీరెక్కేకే వేస్తానండి. ముందే వేస్తే చల్లారి తోలులా సాగుతాయండి. తొమ్మిదిన్నరకల్లా వడ్డించేస్తాను."

"అలాగే. మనిషి ఆకలితో ఉండకూడదు. ఇంకోటి, అన్నిట్లోంచీ కొంచెం తీసి విడిగా దాచండి. తెల్లారగట్ల పైన డెక్ మీద ఒక ఆకు వెయ్యాలి. కొస దక్షిణానికి ఉండాలి. పక్కన కొత్త పంచె, సిగరెట్ పెట్టె పెడతాం. అవి నేను తెస్తాను."

"ఆయ్. రెండో రోజుకేం వండమంటారండి?"

"రెండో రోజు పొయ్యి వెలిగించకండి," అని పెట్టేసింది.

వెలిగించొద్దంటే దానానికి అర్థం కాలేదు గానీ, మిగతాదంతా ఇట్టే అర్థమైపోయింది. మొగుడికి ఇష్టమైన వంటలు, కొత్త బట్టలు. పెళ్ళిరోజు కాక మరేమిటి? ఓనరు నోరు మూయించే అవకాశం ఇన్నాళ్ళకి దొరికింది. రాజోలు బజారుకి పరిగెత్తి కేకు తెచ్చాడు. గదినిండా బెలూన్లు కట్టాడు. మంచం మీద తువ్వాళ్ళు మడిచి రెండు హంసలు కూడా చేశాడు.

మధ్యాహ్నం పడవ నడిపే సరంగు వీర్రాజు తొంగిచూశాడు.

"ఏంట్రా ఈ ముస్తాబు?"

దానం ఉత్సాహంగా అంతా చెప్పాడు. వీర్రాజు నోట్లోంచి బీడీ తీసేశాడు.

"ఆకు కొస ఎటన్నారు?"

"దక్షిణానికి, బాబాయ్."

"బతికున్నోడికి అలా ఎవరైనా వేస్తార్రా? మీ ఇళ్ళల్లో ఈ పద్ధతుల్లేవు కాబట్టి నీకు తెలీదు. అది పోయినోళ్ళకి వేసే ఆకు. పక్కన వాళ్ళకిష్టమైనవి పెడతాం. ఆవిడ మొగుడు పోయేరన్నమాట."

"ఓరి దేవుడా," దానం తువ్వాలు హంసని చప్పున విప్పేశాడు.

"నాకూ నిన్న ఫోన్ చేసేరు. రాత్రికి ఒడ్డున కట్టొద్దు, పాయ మధ్యలో బాగా లోతున్న చోట లంగరెయ్యమన్నారు. ఎందుకా అనుకున్నాను. అస్థికలు కలుపుకుంటారు కాబోలు."

"కేకు మీద హ్యాపీ అని రాయించేను బాబాయ్."

"తీసెయ్ ముందు. చూసేరంటే నీ కువైట్ వీసాకి ముద్ర పడ్డట్టే."

బెలూన్లన్నీ పీకేశాక కూడా దానానికి మనసు ఆగలేదు. ఫోను చేశాడు.

"క్షమించాలమ్మగారూ, ఇందాక నాకు తెలీలేదు. మేం చర్చి వాళ్ళమండి. అయ్యగారు పోయి ఎన్నాళ్ళయిందండీ?"

అవతల ఎక్కడో మోగుతున్న టీవీ టక్కున ఆగిపోయింది.

"వంట మాత్రం కుదరాలి బాబూ," అంది ఆవిడ చివరికి. "ఆ ఒక్కటీ చూడండి."

పాపం, ఏడుపు దిగమింగుకుందనుకున్నాడు దానం. ఆ పూట సొంత తండ్రికి వండినట్టే వండాడు. పప్పు రుబ్బుతుంటే మాత్రం ఒక్క సంగతి పంటి కింద రాయిలా తగిలింది.

"బాబాయ్, మా నాన్న పోయిన రోజున మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. అది ఆ రోజు మాట. ఈవిడెందుకు రేపు వద్దన్నారు?"

"ఎవరి ఆనవాయితీ వాళ్ళది. నోరు మూసుకుని రుబ్బు."

తొమ్మిదయింది. గోదారి మీద గాలి పడిపోయింది. నీళ్ళు పడవకి తగిలే చప్పుడు తప్ప రేవులో అలికిడి లేదు. కొబ్బరి చెట్ల మధ్య నుంచి కారు దీపాలు మెల్లగా వచ్చి ఆగాయి. ఆ వెలుగు కళ్ళలో పడి, దిగిన ఆడమనిషి ఆకారం తప్ప దానానికీ వీర్రాజుకీ ఏమీ కనబడలేదు. చంకలో ఒక సంచీ ఉంది. వీర్రాజు తల దించుకుని దణ్ణం పెట్టాడు.

దానం ఎదురెళ్ళాడు. "అన్నీ మీరు చెప్పినట్టే కుదిరేయండి. అయ్యగారి ఆత్మ శాంతిస్తుందండి."

ఆవిడ గబుక్కున తన పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ఆకలేస్తోందే, వంటేం చేయించేవు?" అంటూ కారు వెనక సీట్లోంచి ఆవిడ భర్త దిగాడు.