గోరింకకు నేర్పిన గుట్టు

"ఈ అడవిలో నా అంత జాగ్రత్తపరుడు పుట్టలేదు!" అన్నాడు తురాయి అనే ఉడుత. అప్పటికి అతని తోక తుమ్మబంకకు అతుక్కుపోతే రెండు కాకులు ఊడలాగుతున్నాయి.

పిట్టలు గుడ్లు దాచిన చోట్లన్నీ గుర్తుంచుకోవడం తురాయి పని. తనకేమైనా అయితే ఎలా అని అవన్నీ గోరింకకూ నేర్పాడు. గోరింక కళ్లు మూసుకుని వాటినే వల్లించేది. కింద పాము వింటూ ఉండేది. రెండు గూళ్లు ఖాళీ అయ్యాయి. గోరింక ఆ గూళ్ల పేర్లు కూడా చెబుతూనే ఉంది.

"మాట మార్చి నేర్పరా," అంది తాబేలు అత్త. "గుడ్లు చింతచెట్టులో ఉంటే చెరువులో అని చెప్పు. ఏ మాటకు ఏ చోటో చెప్పే తాళం మాత్రం నీ బుర్రలోనే ఉండాలి."

తురాయి సరేనని గోరింకకు అలాగే నేర్పాడు. పాము చెరువంతా గాలించి ఒట్టి కడుపుతో పోయింది. పిట్టలు పగలబడి నవ్వాయి.

మర్నాడు మంచు కమ్ముతుండగా గోరింక మళ్లీ మొదలెట్టింది. పాఠం అయ్యాక అచ్చం తురాయి గొంతుతో అంది: "చెరువంటే చింత. బండంటే మోదుగ."

కింద ఎండుటాకులు మెల్లగా కదిలాయి.

"దానికెలా తెలిసిందిరా?" అంది తాబేలు.

తురాయి నేలచూపులు చూశాడు. "మర్చిపోతానేమోనని... తాళం కూడా దానికే నేర్పానత్తా."