పక్క బోల్టు

"మళ్ళీ వదులు చేశావా?" సాయంత్రం డాబా మీద అక్క అరిచింది. తమ్ముడితో కలిసి రెండేళ్లు తంటాలు పడి తయారుచేసుకున్న టెలిస్కోపు గొట్టం, ఆమె చేయి తీయగానే ధడాలున కిందికి వాలిపోయింది.

"బిగిస్తే కదలట్లేదక్కా," అన్నాడు తమ్ముడు మొహం తిప్పుకుని.

"ఎందుకు కదలదు?" ఆమె విసురుగా పక్క బోల్టు బిగించి, ఒక్క వేలితో తోసింది. గొట్టం మెత్తగా పైకి లేచి, వదిలిన చోటే ఆగింది. "చూశావా? ఇప్పుడు నువ్వు తొయ్యి."

"నాకు పనుంది."

"తొయ్యమన్నానా!"

అతను కుడిచేత్తో తోశాడు. పళ్ళ బిగువున మళ్ళీ తోశాడు. చేయి వణికింది గానీ గొట్టం కదల్లేదు.

అక్క గొంతు తగ్గింది. "ఎన్నాళ్ళ నుంచిరా?"

"మూడు నెలలు. ఎవరికీ చెప్పకు. ఉద్యోగం పోతుంది."

ఆమెకు అసలు కోపం అప్పుడొచ్చింది. "ఈ చేత్తోనా రోజూ నలభైమంది పిల్లల్ని బస్సులో తిప్పుతున్నావు?" అంటూ అక్కడే స్కూలుకు ఫోన్ కలిపింది.

అతను ఫోన్ లాక్కోబోయాడు. ఆమె గట్టిగా కూడా పట్టుకోలేదు. అయినా అది ఆమె చేతిలోంచి ఊడి రాలేదు.