పుట్టింటి చీర

“పుట్టింటి చీర కప్పకుండా మనిషిని ఎట్ల లేపేదిరా?” అంది మేనత్త సౌందరం.

భూపతి గడియారం చూశాడు. పదకొండున్నర. ఒకటిన్నరకు రాహుకాలం.

తమిళనాట పెరియకుళంలో మామిడి మండీ నడిపే అతనికి లెక్క తప్పదు. కంబం నుంచి బస్సుకు రెండు గంటలు. తెల్లవారి అమ్మ పోగానే, కంబంలో ద్రాక్ష వ్యాపారి అయ్యసామికి ఫోన్ చేసి కబురు చెప్పమన్నాడు. మేనమామ అళగర్‌సామి ఈపాటికి వచ్చేయాలి.

ఆ మామను భూపతి చూసింది లేదు. నాన్నతో మాటామాటా వచ్చి గడప తొక్కడం మానేశాడట. అయినా ఏటా దీపావళికి కంబంలోని తన తోట మనుషుల చేత చీర పంపేవాడు. అమ్మ బస్టాండుకు వెళ్లి తెచ్చుకుని, “మా అన్న పంపినాడు” అని వీధంతా చూపించేది.

ఫ్రీజర్ పెట్టె చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తున్నారు.

“మొగుడు పోయినా మండీ మూయలేదే అంజలమ్మా!”

“కాయ తొడిమ వాసన చూసి ఏనాటికి పండేదీ చెప్పేదానివే!”

పన్నెండుంబావుకు ఎండకు నల్లబడిన ముసలామె ఒకతె పసుపు గుడ్డసంచితో లోపలికి వచ్చింది.

“కంబం నుంచి వచ్చినా సామీ. నా పేరు సెల్లాయి, తోట కూలిదాన్ని.”

భూపతి ప్రాణం లేచి వచ్చింది. “మామ ఏడి?”

ఆమె చుట్టూ చూసింది. సౌందరం, వియ్యాలవాళ్లు, వీధి జనం.

“చీర తెచ్చినా.”

“చీర సరే. మామ వస్తుండాడా, లేదా?”

సెల్లాయి సంచి మూతి విప్పబోయింది.

“ఈ పొద్దు కూడా పనిమనిషి చేతనే పంపినాడా!” సౌందరం మండిపడింది. “అన్న బతికుండంగా కూలిది కప్పేదా? సిగ్గు లేదా ఆ మనిషికి?”

“అట్ల అరుగు మీద కూర్చో” అన్నాడు భూపతి.

“ఒక్కసారి ముఖం చూసి…”

“మామ రానీ. తర్వాత చూద్దువు.”

ఒంటిగంట. అయ్యసామి ఫోన్ ఎత్తడం లేదు. భూపతి వీధి మొన దాకా పోయి వచ్చాడు. రెండు బస్సులు వచ్చాయి. మామ లేడు.

“రాహుకాలం వచ్చేస్తాంది” అన్నారు పెద్దలు.

భూపతి కూతురు కృత్తిక అంగడికి పరుగెత్తి పట్టుచీర తెచ్చింది. తిరుమంగళం నుంచి వచ్చిన దూరపు చుట్టం, బంగారు అనే ఆయనను అన్న వరసలో నిలబెట్టి కప్పించారు. ఒకటీ ఇరవైకి పాడె లేచింది.

“గట్టెక్కినామప్పా” అనుకున్నాడు భూపతి.

ఆడవాళ్లు వీధి మొనలో ఆగిపోయారు. సెల్లాయి కూడా ఆగింది, సంచిని రొమ్ముకు అదుముకుని.

చితికి నిప్పు పెట్టి ఇవతలికి వచ్చేసరికి ఫోన్ మోగింది. అయ్యసామి.

“భూపతీ, మీ మామ పోయి ముప్పై ఏండ్లాయెనంటప్పా. బిడ్డలు లేరు. తోట కూడా అప్పుడే చేతులు మారింది.”

“అదెట్లా? పోయిన దీపావళికి కూడా చీర వచ్చిందే!”

“ఆ తోటలో సెల్లాయని ఒకామె కూలికి ఉండేది, ఆమె కోడలు ఇప్పుడే అంతా చెప్పింది. దిక్కులేనిదని అత్తింట్లో చులకనైపోతానని, అన్న పోయిన సంగతి ఎవరికీ చెప్పొద్దని మీ అమ్మ సెల్లాయి చేత ఒట్టేయించుకుందంట.”

“మరి ఆ చీరలన్నీ ఎవరు పంపింది?”

“ఇంకెవరు? ఈ ముప్పై ఏండ్లూ మీ అమ్మకు పుట్టిల్లంటే ఆ సెల్లాయొక్కతే.”