శ్రుతిపూస

విజయవాడలో చెవికి శ్రుతిపూస పెట్టుకోకుండా గడప దాటేవాళ్లు లేరు. అది బస్సు హారన్నీ, పక్కింటి తగవునీ కూడా మెత్తగా శ్రుతిలో కలిపి వినిపిస్తుంది. సంగీత కళాశాల ప్రవేశ పరీక్షకు మాత్రం పిల్లలైనా, పరీక్ష చేసే టీచర్లైనా పూసలు తీసి గుమ్మం దగ్గర పళ్లెంలో పెట్టాలి.

ఆ రోజు భ్రమరాంబ టీచరు పొద్దుటినుంచీ మురిసిపోతోంది. పాడిన ప్రతి పిల్లా అద్భుతంగా పాడింది. ఎవరినీ కాదనలేక అందరికీ సీటు రాసేసింది.

మధ్యాహ్నం కైకలూరు నుంచి వచ్చిన హైమ కల్యాణి రాగం ఎత్తుకుని, మధ్యలో ఆగిపోయింది.

"ఏమ్మా, హాయిగా పాడుతున్నావుగా?"

"లేదండీ, గాంధారం దిగిపోయింది. మీకు తెలియలేదాండీ?"

టీచరు చెయ్యి మెల్లగా చెవి దగ్గరికి పోయింది. జుట్టు కింద పూస అలాగే ఉంది. ఒంట్లో భాగమైపోయినదాన్ని తీయాలని ఆమెకు తోచనేలేదు.

తీసి బల్లమీద పెట్టింది. ఇంతసేపూ తంబురాలా మోగిన ఫ్యాను కిర్రుకిర్రుమంది.

"మళ్లీ పాడమ్మా."

హైమ పాడింది. గాంధారం మళ్లీ జారింది. గొంతు వణుకుతున్నా ఆ పిల్ల దాన్ని పట్టుకుని పైకి లాగింది. టీచరు చివరిదాకా వింది.

"నాకు సీటొస్తుందాండీ?"

"ముందు పొద్దుటి పిల్లలందర్నీ వెనక్కి పిలవాలమ్మా" అంది టీచరు. "వాళ్లలో ఒక్కరి పాటా నేను వినలేదు."