ఉప్పు కాపడం

"ఉప్పు కాపడం మాత్రం ఎట్టకమ్మీ."

ఈశ్వరి ఉలిక్కిపడి చూసింది.

టెక్కలిలో పళ్ళ డాక్టరు దగ్గర మొగుడికి పుచ్చిన దవడ పన్ను పీకించి, అప్పుడే మెట్లు దిగుతోంది. ఎల్లాజీ దూది కరుచుకుని పక్కనే నిలబడ్డాడు. మాట్లాడింది మెట్ల పక్కన బల్ల మీద కూర్చున్న ముసలమ్మ. ఒళ్ళో టిఫిను డబ్బా, అందులో చద్దన్నం.

"బయట నుంచి వేడి తగలకూడదు. మాత్రలు ఐదు రోజులూ మింగించు. నొప్పి తగ్గిపోనాదని ఆపీయకు."

"డాక్టరుగారు అన్నీ సెప్పినార్లే పెద్దమ్మా."

చెప్పాడు, నిజమే. ఈశ్వరి చెవిన పడింది మాత్రం సగమే. ఇవాళ ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, చుట్ట కాల్చకూడదు. రేపటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు నోట్లో పట్టి మెల్లగా వదిలేయాలి. ఉప్పు అన్న మాట వినగానే ఆమె మనసు కుదుటపడింది. ఆ తరవాత చెప్పినవన్నీ గాలికి పోయాయి.

"ఏ ఊరమ్మీ మీది?"

"నౌపడ. ఉప్పుమళ్ళలో పని."

ముసలమ్మ ముఖం పాలిపోయింది. చటుక్కున ఈశ్వరి చెయ్యి పట్టుకుంది.

"అయితే నా మాట ఇను. వాపు మెడకి దిగినా, గుటక పడకపోయినా, తెల్లారనీ అనుకోకు. ఉన్నపళంగా పెద్దాసుపత్రికి ఎల్లిపో."

ఈశ్వరికి భయం వేసింది. భయం వేసినప్పుడల్లా ఆమెకు కోపం వస్తుంది.

"ఏటి, అప్పుడే అశుభం పలుకుతన్నావు? మూడు తరాల్నుంచి ఉప్పులో బతుకుతన్నాం. ఉప్పు సంగతి మాకే సెప్తావా? నీకేటి తెలుసు?"

ముసలమ్మ ఏదో చెప్పబోయింది. తన రెండు చేతులకేసి ఒకసారి చూసుకుంది.

నోరు జారానని ఈశ్వరికి కాస్త జాలేసింది. తాము తెచ్చుకున్న అన్నం మూటలోంచి ఊరగాయ ముక్క తీసి ఆ చద్దన్నం మీద వెయ్యబోయింది. ముసలమ్మ గభాలున డబ్బా వెనక్కి లాక్కుంది.

"వద్దమ్మీ. ఉప్పు నాకు పడదు."

బీపీ మనిషి కాబోలు అనుకుంది ఈశ్వరి.

ఇంటికి రాగానే ఎండుమిరపకాయలు మొగుడి చుట్టూ దిగదుడిచి పొయ్యిలో పడేసింది. ఎంతసేపు చూసినా ఘాటు రాలేదు. ముసలిదాని దిష్టి గట్టిదేననుకుంది.

రెండో రోజుకు నొప్పి పోయింది.

"ఇంకా మాత్రలెందుకే? కడుపులో మంట" అన్నాడు ఎల్లాజీ.

మాత్రల అట్ట గూట్లోకి పోయింది. ఆ రోజే అతను మడిలోకి దిగి ఉప్పు లాగాడు. సాయంత్రం చుట్ట కూడా కాల్చాడు. ఈశ్వరి చూసీ చూడనట్టు ఊరుకుంది.

నాలుగో రోజు పొద్దున్నకి దవడ బూరెలా పొంగింది.

ఈశ్వరి పెనం మీద కల్లుప్పు వేయించింది. పాత చీర ముక్కలో పోసి మూట కట్టింది. అప్పుడు గుర్తుకొచ్చింది ముసలమ్మ మాట. చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

'డాక్టరే కదా ఉప్పునీళ్ళు పట్టమన్నాడు! నీళ్ళు మంచివైనప్పుడు మూట చెడ్డదెలా అవుతుంది?'

తనకు తానే సర్దిచెప్పుకుంది. మూట దవడకు ఆనించగానే ఎల్లాజీ కళ్ళు మూసుకున్నాడు.

"ఆయిగా ఉన్నాదే. ఇంకా ఎట్టు."

పెట్టింది. చల్లారితే మళ్ళీ వేయించి పెట్టింది. మధ్యాహ్నం దాకా పెడుతూనే ఉంది.

పొద్దువాలేసరికి వాపు గడ్డం దాటి మెడకు దిగింది. మాట ముద్దముద్దగా వస్తోంది. గుటక పడక చొంగ కారుతోంది.

"మావా, పెద్దాసుపత్రికి ఎల్దామా?"

రేపు చూద్దామన్నట్టు చెయ్యి ఊపాడు ఎల్లాజీ. చీకటి పడ్డాక ఆటో దొరకాలి, తోడు దొరకాలి. ఈశ్వరి కూడా తెల్లారనీ అనుకుంది.

తెల్లారేసరికి ఎల్లాజీకి ఊపిరి ఆడటం లేదు. 108 వచ్చింది. శ్రీకాకుళంలో గొంతుకు చిల్లు పెట్టి గాలి అందించబోయారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"నిన్న సాయంత్రమే తీసుకొస్తే బతికేవాడమ్మా" అన్నాడు డాక్టరు.

కర్మకాండ అయిన వారానికి ఈశ్వరి టెక్కలి వచ్చింది. ఆ ముసలమ్మ కాళ్ళ మీద పడి ఏడవాలి. ఇదంతా నీకెలా తెలుసని ఈసారి మెత్తగా అడగాలి.

మెట్ల పక్క బల్ల ఖాళీగా ఉంది.

"ఇక్కడ కూసునే పెద్దమ్మేది బాబూ?" అని కాంపౌండరు నరేష్‌ని అడిగింది.

"నారాయణమ్మా? ఇంక రాదమ్మా. ఏడేళ్ళ నుంచి రోజూ వచ్చేది. పన్ను పీకించుకున్నోళ్ళందరికీ ఆ నాలుగు మాటలే సెప్పేది. మీ ఊరోళ్ళు వచ్చి మీ ఆయన కబురు సెప్పినారు. ఆ పూటే ఎల్లిపోనాది."

"ఏటైనా అన్నాదా?"

"'నిజం సెప్పుంటే ఆ పిల్ల ఇనేది. సెప్పడానికి నోరు రానేదు' అని ఏడ్సినాది."

"ఏ నిజం?"

నరేష్ ఖాళీ బల్లకేసి చూశాడు.

"ఆవిడదీ మీ ఉప్పుమళ్ళ అవతలి గట్టే. పన్ను పీకించుకున్న కొడుకు దవడకి ఆవిడే ఉప్పు కాపడం ఎట్టినాది. ఆడు పోయిన రోజు నుంచి ఆవిడ ఉప్పు ముట్టలేదమ్మా."